సగటులో మాయమైన మోత

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలని మా ఇంట్లో వాళ్ళ అభిప్రాయం. నాకింకా నెరవలేదు. కానీ ఒక ఉద్యోగం మాత్రం పూర్తిగా అయిపోయింది, మళ్ళీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కే పని లేదు. జ్ఞాపకం రాసుకోవడానికి అది చాలనుకుంటున్నాను. పర్యావరణం చదివి సర్వే కంపెనీల్లో మొదటి ఉద్యోగానికి చేరబోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీకు అక్కడ నేర్పే పని చాలానే ఉంటుంది. నేర్పని పని ఒకటుంది, దాని గురించి.

మా కంపెనీ చిన్నది. తిరుపతిలో ఒక మందుల దుకాణం మీది అంతస్తులో రెండు గదులు. గాలి, నీళ్ళు, శబ్దం కొలిచి రిపోర్టులు ఇవ్వడం మా పని. నాకు శబ్దం అప్పగించారు. మనుషులతో మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. శబ్దం కొలిచే మీటరుతో ఆ బాధ లేదు. ముక్కాలి స్టాండు మీద దాన్ని నిలబెట్టి పక్కన మౌనంగా కూర్చుంటే చాలు, మనం మాట్లాడకపోవడమే మంచిది కూడా. మాట్లాడితే మన గొంతు కూడా అంకెల్లోకి ఎక్కుతుంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీల గోడల పక్కన అలా ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. సంచిలో పుస్తకం ఉండేది, ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మా సారు చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెబితే మీరు నమ్మరు. ఫీల్డుకు వెళ్ళే రోజు అందరికీ తనే టిఫిన్ కట్టించుకొచ్చేవారు. అంకెలు మార్చమని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆయనకు ఒకే ఒక నమ్మకం ఉండేది, సగటు. రోజంతా కొలిచిన శబ్దాన్ని కలిపి ఒక్క అంకెగా చేసి, అది ప్రభుత్వం పెట్టిన హద్దు లోపల ఉంటే ఆయన మనసు నిండిపోయేది. "మనిషి అబద్ధం చెబుతాడమ్మా, సగటు చెప్పదు" అనేవారు.

రేణిగుంట దగ్గర విమానాశ్రయానికి రాకపోకలు పెరగబోతున్నాయి. ఆలోపు చుట్టుపక్కల ఏయే ఇళ్ళకు, భవనాలకు మోత ఎక్కువగా తగులుతున్నదో ఒక జాబితా తయారు కావాలి. జాబితాలోకి ఎక్కిన వాటికి మందపు అద్దాల కిటికీలు పెడతారు, మరీ భరించలేని చోటైతే వేరే స్థలంలో కట్టిస్తారు. ఆ కొలతల పని మాకు వచ్చింది. రన్‌వే చివర దాటగానే ఉండే ఒక పల్లెను నాకు ఇచ్చారు. ఆ పల్లెలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. విమానం దిగేటప్పుడు దాని చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. బడి జాబితాలోకి వస్తుందా రాదా అన్నదే ఆ ఊళ్ళో అసలు ప్రశ్న. ఆ సంగతి మొదట్లో మా ఎవరికీ తెలియదు.

ముందు ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడగాలి. నేను తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకునేలోపే మా డ్రైవరన్న లోపలికి కేకేసేవాడు. ఆ ఊరు కూడా ఆయన మాటలాగే ఉంటుంది, గట్టిగా, కలివిడిగా.

"అవ్వా, ఈ పాప ఏందో అడగతాదంట, రా ఇట్ల!"

మొదటి ఇంట్లో ఒక అవ్వ బయటికొచ్చింది. ఎడమ చేతికి పుత్తూరు కట్టు. బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, మెడకు వేలాడదీసి ఉంది. విమానాల మోత వల్ల ఇబ్బంది ఉందా అని అడిగాను.

"ఇబ్బందేముండాది అమ్మణ్ణీ? అలవాటై పోయిండాదిలే."

"చేతికేమైంది అవ్వా?" అన్నాడు డ్రైవరన్న.

"ఇదా? పాలు పిండతా ఉంటే ఇమానం వచ్చినాది. ఆవు బెదిరి తోసినాది. పోయి గోడకు పడితి."

"మరి ఇబ్బంది లేదంటివే!"

"అది ఆవు తప్పు గదప్పా! కొత్త ఆవు. దానికింకా అలవాటు గాలే."

డ్రైవరన్న జీపు దాకా నవ్వుతూనే వచ్చాడు. నేను నవ్వలేదు. నా చేతిలోని ప్రశ్నల్లో ఆవుకు చోటు లేదు. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తే 'ఇబ్బంది లేదు' అనే పడుతుంది.

ఊరంతా అదే జవాబు. పసిబిడ్డ చెవులు రెండు చేతులతో మూసి పట్టుకున్న తల్లి కూడా "ఏం లేదులే మేడమ్" అంది. తర్వాత ఒకాయన కారణం చెప్పాడు. ఆయన కొడుకు అక్కడే సామాన్లు ఎత్తే పనిలో ఉన్నాడు, తమ్ముడు బాడుగ కారు తిప్పుతాడు. "మా ఇండ్లల్లో పొయ్యి ఎలగతాండేది దాని వల్లనే గదా పాపా. దాన్ని పట్టుకొని మాకు బాధగా ఉండాదంటే బాగుంటాదా?" అన్నాడు. మర్యాద అనుకోండి, భయం అనుకోండి. రెండూ కలిసే ఉంటాయి.

ఆ వారంలోనే సారును వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. ఒకటో తరగతి గది. హెడ్ టీచరమ్మ పుస్తకాలు తెరిపించి, ఒక్కో అక్షరం పలికిస్తోంది. కిటికీ రేకులు వణకడం మొదలైంది. టీచరమ్మ చూపుడు వేలు పైకెత్తింది. అంతే, పిల్లలందరూ పుస్తకంలో తాము చదువుతున్న అక్షరం మీద వేలు ఆనించి, తల వంచుకుని కదలకుండా ఉండిపోయారు. విమానం మా నెత్తి మీదే వెళుతున్నట్టు వెళ్ళింది. గదిలో గాలి కూడా దానిదే అయిపోయింది. ఒక్క పిల్ల గాని, ఒక్క పిల్లవాడు గాని తల ఎత్తలేదు. మోత తగ్గింది. టీచరమ్మ వేలు దించింది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పాఠం సాగింది.

సారు ముఖం వెలిగిపోయింది.

"చూశావా? నాలాంటివాడు కూడా పైకి చూశాడు. పిల్లలు చూడలేదు! ఎంత క్రమశిక్షణ! వీళ్ళకు ఆ శబ్దం లేనట్టే."

ఆయన అక్కడే ఒక చీటీ మీద ఆ మాట రాసుకున్నారు. నాకు ఏదో తేడాగా అనిపించింది గాని, అదేమిటో ఆ నిమిషంలో చెప్పలేకపోయాను.

మర్నాడు పంచాయతీ ఆఫీసు మిద్దె మీద మీటరు పెట్టడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. భోజనాల వేళ బడికి వెళితే టీచరమ్మ వేరుశనక్కాయల చట్నీతో సంగటి పెట్టించింది. ఆమె మాట చాలా మెల్లగా ఉంటే నాలాగే బిడియస్తురాలేమో అనుకున్నాను. కాదు. ఆమె గొంతు పోయింది.

"ఈడికొచ్చినప్పుడు నా గొంతు ఊరి చివరికి వినపడేది పాపా," అంది. "ఇమానం మోత మీద అరిచి అరిచి ఇట్లయింది. మాట తగ్గించకుంటే ఉన్నది గూడా పోతాదని తిరుపతిలో డాక్టరు చెప్పినాడు. టీచరు మాట తగ్గిస్తే ఇంకేం చేస్తాది?"

అప్పుడు వేలు సంగతి అడిగాను.

"అది నేను నేర్పిందే. ఇంతకు ముందు ఇమానం పోయినాక సగం మంది ఒక వరసలో, సగం మంది ఇంకో వరసలో ఉండేవాళ్ళు. చిన్నబిడ్డలు, ఈడనే మొదలుపెట్టినారు చదువు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సొచ్చేది. అందుకని వేలు తీయొద్దని నేర్పినా. తల ఎత్తితే వేలు కదుల్తాది. కాబట్టి తల ఎత్తొద్దని నేర్పినా. అది నేర్పడానికే నాకు బడి తెరిచినాక మొదటి నెలలు సరిపోతాయి. వేరే ఊళ్ళో ఆ నెలల్లో అక్షరాలు అయిపోతాయి."

మళ్ళీ ఆమే అంది, "పాలకేంద్రం అవతల పక్క పంచాయతీ స్థలం ఉండాది. ఆడ మోత ఇంత రాదు. ఆడ రెండు గదులు పడితే చాలు. నాకు గొంతు ఎట్లాగూ రాదులే. వీళ్ళకన్నా చదువు రావాల గదా."

ఆ రోజు డైరీలో చాలాసేపు రాసుకున్నాను. సారు పొరబాటు ఏమిటో అప్పటికి నాకు అర్థమైంది. పిల్లలు ఆ మోతను ఓడించడానికి పడిన కష్టాన్నే ఆయన మోత లేదనడానికి రుజువుగా పట్టుకున్నారు.

ఆఫీసులో చెప్పాను. నా శైలిలోనే చెప్పాను, అంటే టేబుల్ అంచు చూస్తూ.

"సార్, బడి గదిలో పాఠం జరుగుతున్నప్పుడు విడిగా కొలుద్దాం. విమానం వెళ్ళేటప్పుడు వచ్చే పెద్ద అంకెలు కూడా రిపోర్టులో పెడదాం."

"పెద్ద అంకెలు ఉంటాయమ్మా. దీపావళికి మీ ఇంట్లోనూ ఉంటాయి. సగటు ఎంత?"

"హద్దు లోపలే ఉంది సార్. కానీ..."

"మరి కానీ ఏముంది?"

"సగటులో పాఠం ఆగినట్టు కనిపించదు సార్."

ఆయన నవ్వారు. కోపం కూడా రాలేదు. "నువ్వు కథలు చదువుతావని విన్నాను. రిపోర్టులో కథలు వద్దు" అన్నారు. మీటరు పంచాయతీ ఆఫీసు మిద్దె మీదే కొనసాగింది. అక్కడ ప్లగ్గు పాయింటు ఉంది, నీడ ఉంది, టీ కూడా వస్తుంది.

రిపోర్టు ఇంగ్లీషులో తయారైంది. ఊళ్ళో సభ పెట్టి దాని సారాంశం తెలుగులో చదవాలి. తెలుగు చేసే పని నాకే పడింది. 'విమానం వచ్చినా పిల్లలు తల ఎత్తడం లేదు, బోధనకు ఆటంకం లేదు' అన్న వాక్యం దగ్గరికి వచ్చి దాన్ని వదిలేశాను. వదిలేశానని సారుకు చెప్పాను కూడా. ఆయన తల ఊపారు. ఒప్పుకున్నారనుకున్నాను.

సభ బడి ఆవరణలోనే. షామియానా వేశారు, కుర్చీలు తెప్పించారు. కలెక్టరేటు నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. విమానాలు లేని వేళ చూసి సారే టైం కుదిర్చారు. మైకులో మాట వినపడాలి కదా అన్నారు, అందులో ఆయనకు వింతేమీ తోచలేదు. చదవడానికి నన్ను లేపారు. "మా అమ్మాయి తెలుగు బాగుంటుంది సార్" అని ఆఫీసరుకు పరిచయం చేశారు.

నలుగురిలో నా పేరు చెప్పడానికే నాకు చెమటలు పడతాయి. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదవసాగాను. ఊరి సంగతి, ఇళ్ళ సంగతి, సగటు సంగతి అయ్యాయి. బడి అన్న శీర్షిక వచ్చింది. దాని పక్కన మార్జిన్‌లో నీలం సిరాతో సారు చేతిరాత. నేను వదిలేసిన వాక్యం అక్కడ కూర్చుని ఉంది.

ఆగిపోయాను. ఎదురుగా ముందు వరసలో ఒకటో తరగతి పిల్లలు కింద కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనుక టీచరమ్మ.

"చదువమ్మా, ఆగిపోయావేం?" అన్నారు సారు.

"ఈ వాక్యం చదవను సార్."

మెల్లగానే అన్నాను. కానీ మైకు ముందు ఉంది. నా మాట గోడకు తగిలి తిరిగి నాకే వినపడింది. అంత పెద్ద గొంతుతో నేను అంతకు ముందెప్పుడూ ఏమీ అనలేదు.

ఆఫీసరు కళ్ళజోడు తీశారు. "ఏముందమ్మా అందులో?"

"పిల్లలు తల ఎత్తరని ఉంది సార్, అది నిజం. కాబట్టి పాఠానికి ఆటంకం లేదని ఉంది, అది అబద్ధం. తల ఎత్తితే వేలు కదిలి, చదువుతున్న చోటు పోతుందని టీచరమ్మ వాళ్ళకు నేర్పింది. వాళ్ళు వినపడక ఊరుకోవడం లేదు సార్. మోత పోయేదాకా అక్షరాన్ని పట్టుకుని కూర్చుంటున్నారు."

సారు లేచారు. "కొత్త అమ్మాయి సార్, కొంచెం ఎమోషనల్. సగటు చూస్తే హద్దు లోపలే ఉంది."

"అవును, సగటు లోపలే ఉందిగా?" అన్నారు ఆఫీసరు నా వైపు తిరిగి.

నేను నోరు తెరిచేలోపే షామియానాలో వెనుక వరస నుంచి కట్టు చేతి అవ్వ లేచింది. ఎవరో కూర్చోమని కొంగు లాగితే విదిలించుకుంది.

"సామీ, సగటంటే ఏంది? యాడాది పొడుగునా కలిపి చూసేదేనా?"

"అలాంటిదేనమ్మా."

"అయితే నా చెయ్యి ఇరగలేదు. రెప్పపాటు సేపే గదా గోడకు పడింది! మిగతా యాడాదంతా బాగుండింది. కలిపి సూడు, నా చెయ్యి బంగారం మాదిరి ఉంటాది. పుత్తూరోనికి కట్టు ఇప్పేయమని నువ్వే చెప్పు."

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. సారు ఒక్కరే నవ్వలేదు. ఆ నవ్వులో ఆయన ముఖం ఎర్రబడటం చూశాను. అయినా మైకు వదల్లేదు.

"అవ్వా, మాతో ఇబ్బంది లేదని చెప్పావు కదా మొన్న?" అన్నారు సారు.

"మీరు నన్ను అడిగినారు. నాకేం ఇబ్బంది? నేను బడికి పోతానా?"

ఆఫీసరు టీచరమ్మను పిలిచారు. ఆమె వచ్చి మైకు ముందు నిలబడి ఏదో చెప్పింది. మైకులోనూ సరిగా అందలేదు. "కొంచెం గట్టిగా చెప్పండమ్మా" అన్నారు ఆయన. ఆమె మెడ మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంతే సార్. మిగిలింది ఇంతే."

ఇది మాత్రం అందరికీ వినపడింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సరిగ్గా ఆ సమయానికి నెత్తి మీద ఒక విమానం వచ్చి ఉంటే ఈ జ్ఞాపకం ఇంకా బాగుండేదని నాకూ తెలుసు. రాలేదు. రాని వేళ చూసుకునే కదా సభ పెట్టింది. విమానం సాయం లేకుండానే జరగాల్సింది జరిగింది. కొడుకు సామాన్లు ఎత్తే పనిలో ఉన్న ఆయన లేచాడు.

"నా కొడుకు ఆడనే పన్జేస్తాండాడు సార్. అది బాగుండాల. దాన్ని ఎవరూ తిట్టడం లే. కానీ నా మనవరాలు ఈ బడిలోనే ఉండాది. ఆ రెండూ వేరే వేరే మాటలు సార్. ఒకటి చెప్పినామని రెండోది మింగేయమంటే ఎట్ల?"

ఆయన వెనకే ఒక్కొక్కరు లేచారు. పగలు పడుకునే రాత్రి షిఫ్టు వాళ్ళు, పసిబిడ్డల తల్లులు. ఇంటి దగ్గర నేను అడిగితే ఏమీ లేదన్న వాళ్ళే అందరూ. వాళ్ళు నాతో అబద్ధం చెప్పలేదు. 'నీకు ఇబ్బందా' అని ఒక్కొక్కరిని విడిగా అడిగితే 'నాకేం' అనడమే ఆ ఊరి అలవాటు. పదిమందిలో, బడి గురించి అడిగితే జవాబు వేరే ఉంది.

పాఠం జరిగే రోజుల్లో, పాఠం జరిగే గదిలోనే మళ్ళీ కొలవమని, సగటు పక్కన ప్రతి విమానానికీ వచ్చే పెద్ద అంకెను కూడా చూపించమని ఆఫీసరు చెప్పారు. ఆ వాక్యాన్ని కొట్టేయమన్నారు. సారు తన పెన్నుతోనే కొట్టేశారు.

తిరుగు దారిలో జీపులో రేణిగుంట దాటాక సారు అన్నారు, "నీకు నేనేం తక్కువ చేశాను?"

"ఏమీ తక్కువ చేయలేదు సార్."

"మరి అందరి ముందు ఎందుకు?"

"ముందు ఆఫీసులోనే చెప్పాను సార్."

డ్రైవరన్న అద్దంలోంచి నన్ను చూసి, వెంటనే చూపు రోడ్డు మీదికి తిప్పేశాడు. దించేటప్పుడు మాత్రం, "గట్టిపిండమే పాపా నువ్వు. మూడు కాళ్ళ స్టాండుకు నువ్వు నాలుగో కాలు అనుకుంటి ఇన్నాళ్ళు" అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన ప్రశంసాపత్రం అదొక్కటే.

మర్నాడు సారు పిలిచి ఒక దారి చూపించారు. సభలో ఆవేశంలో మాట్లాడానని ఆఫీసరుకు ఫోన్ చేసి చెబితే చాలు, ఉద్యోగం ఉంటుంది, ఆయనకూ కొంచెం పరువు మిగులుతుంది. ఆయన అడిగిన తీరులో బెదిరింపు లేదు. బతిమాలినట్టే ఉంది. అందుకే కాదనడం ఇంకా కష్టమైంది.

"ఆవేశం కాదు సార్. నాకు ఆవేశం వస్తే మాట రాదు. మాట వచ్చిందంటే ఆలోచించి అన్నదే."

బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. కింద మందుల దుకాణంలో రద్దీగా ఉంది. ఏడుపు వస్తుందని అనుకున్నాను, ఆకలి వేసింది. ఎదురుగా ఉన్న హోటల్లో మొదటిసారి ఒక్కదాన్నే కూర్చుని దోసె తిన్నాను.

రెండోసారి కొలిచేటప్పటికి నేను ఉద్యోగంలో లేను. టీచరమ్మ ఫోన్‌లో చెప్పింది. గదిలో వచ్చిన అంకెలు చూశాక ఇక వాదన జరగలేదట. బడి జాబితాలోకి ఎక్కింది. పాలకేంద్రం అవతల రెండు గదులు లేచాయి, ఒకటీ రెండూ తరగతులు అక్కడికి మారాయి. పెద్ద తరగతులు ఇంకా పాత చోటే ఉన్నాయి. వాళ్ళ కోసం టీచరమ్మ ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆమె గొంతు తిరిగి రాలేదు.

"ఒకటో తరగతి బిడ్డలు ఇప్పుడు యమా గలాటా చేస్తాండారు పాపా," అంది ఆ గొంతుతోనే సంతోషంగా. "కాకి ఎగిరినా తల ఎత్తి సూస్తాండారు."

నేనిప్పుడు వేరే పనిలో ఉన్నాను. ఆ రంగంలో నన్ను 'సభలో అడ్డం తిరిగిన అమ్మాయి' అంటారని విన్నాను. అననివ్వండి. ఆ వాక్యం ఈ రోజు నా ముందు పెట్టినా చదవను.

ఈ మధ్య ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నా స్థానంలో చేరిన అమ్మాయి. డ్రైవరన్న దగ్గర నంబరు తీసుకుందట. గొంతు నా గొంతులాగే లోపల్లోపలే ఉంది. రోడ్డు వెడల్పు పని వచ్చిందట, పక్కనే ఒక బడి.

"అక్కా, మీటరు పంచాయతీ మిద్దె మీద పెట్టమన్నారు సారు. బడిలో పెడితే బాగుంటుందని నాకనిపిస్తోంది. మీరేమంటారు?"

"బడిలో పెట్టు. పాఠం జరిగేటప్పుడు, పిల్లలు కూర్చునే ఎత్తులో పెట్టు."

అటునుంచి రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

"సారు తిడితే అక్కా?"

"తిడతారు. నువ్వు మీటరు మాత్రం ఆపొద్దు."